చప్పట్ల ఉపసంహరణ

శ్రీ ఏకదంత దంత వైద్య కళాశాలలో పరిశోధన టైటిల్‌తో మొదలై భోజనంతో ముగుస్తుంది. ఈ విషయంలో అక్కడ ఎవరికీ ఏ అనుమానమూ లేదు. పీజీ విద్యార్థి ఏదో ఒక సంగతి పట్టుకుని, ఏడాదో రెండేళ్లో రోగుల నోళ్లలోకి టార్చిలైటు వేసి చూస్తాడు. చూసినదంతా పది వరసల సారాంశంగా కుదించి సదస్సుకు పంపుతాడు. రూమ్మేటు కోటు తొడుక్కుని ఏడు నిమిషాలు మాట్లాడతాడు. వేదిక మీది పెద్దాయన, "చక్కని ప్రయత్నం. ఇంకా ఎక్కువమంది రోగులను చూసి ఉంటే బాగుండేది" అంటాడు. పేపరు దేనిమీదైనా ఆయన అనేది అదే. తర్వాత చప్పట్లు, సర్టిఫికెట్టు, బ్యానరు ముందు ఫొటో, బఫే. గులాబ్‌జామ్ గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆ పరిశోధనకు మోక్షం వచ్చేస్తుంది. దాన్ని పూర్తిగా రాసి పత్రికకు పంపాలన్న ఆలోచన ఆ కాలేజీలో ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్లు బయటికి చెప్పుకోలేదు.

సూరాడ దానేశ్వరికి ఈ ఆచారం తెలియదు. నాన్న సముద్రం మీద వేటకు వెళ్తాడు, అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. ఏ పని నిజంగా చెయ్యాలి, ఏ పని చేసినట్టు కనబడితే చాలు అన్న తేడా చదువుకున్నవాళ్ల పిల్లలకు ఉగ్గుపాలతోనే తెలిసిపోతుంది. దానేశ్వరికి చెప్పేవాళ్లు లేక, సార్లు చెప్పినవన్నీ నిజంగానే చేస్తూ వచ్చింది.

ఆమె పరిశోధన అడ్డపొగ మీద. వాళ్ల తీరంలో ఆడవాళ్లు చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. నిప్పురవ్వ చీర మీద పడదు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. ఇన్ని సౌకర్యాలకూ మూల్యం చెల్లించేది పాపం ఒక్క అంగిలే. దాని మీద ముందు తెల్లమచ్చలు లేస్తాయి. కొందరికి అవే ఎర్రబడతాయి. ఎర్రబడినవి కొన్ని పుండై, కేన్సరై కూర్చుంటాయి. ఏ మచ్చ మానుతుంది, ఏ మచ్చను ఆలస్యం చెయ్యకుండా కోసి చూడాలి అన్నది దానేశ్వరి రెండేళ్లు ఇంటింటికీ తిరిగి తేల్చింది.

అందరికంటే ఎక్కువ బెట్టు చేసింది ఆమె మేనత్త గనగళ్ల నూకాలమ్మ.

"నోరు తెరిసి సూపిత్తే నాకేటొత్తాది గుంటా?"

"అచ్చులో పడితే ఆస్పత్రి బండొత్తాదత్తా. ఊరందర్నీ సూత్తారు."

"బండి మన రేవుకొత్తాదా? అయితే సూడు. సుట్ట మాత్రం తియ్యమనీకు."

"సుట్ట నోట్లో ఉంటే నానేటి సూడగల్నే అత్తా!"

"డాట్రువి కావేటి? సూడు."

బండి మాట ఉత్తుత్తిది కాదు. జిల్లా ఆరోగ్యాధికారి దగ్గర నోటి కేన్సరు పరీక్షలు చేసే వ్యాను ఒకటి ఉంది. దానేశ్వరి ఆయన్ని కలిసి అడిగితే, ఆయన ఒక్కటే అన్నారు. "ఆధారం కావాలమ్మా. సారాంశాలు నా బీరువానిండా ఉన్నాయి. పూర్తిగా అచ్చయిన పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టు. బండి నీ ఊళ్లో పెడతాను."

సదస్సు ముగిసి తిరిగొస్తుండగా ఆమె ఈ సంగతి తన గైడు డాక్టర్ కూర్మనాథంగారికి కార్లోనే చెప్పింది. కూర్మనాథంగారు మంచివారు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పలేదు. ఔననీ చెప్పలేదు.

"సార్, పూర్తి పేపరు రాసేశాను. తమరొకసారి చూస్తే పత్రికకు పంపుదాం."

ఆయన బండి పక్కకు తీసి ఆపారు. "ఏం పేపరు?"

"ఇవాళ చెప్పిందే సార్."

"చెప్పేశాం కదమ్మా!"

"చెప్పాం సార్. రాయాలి కదా?"

"చెప్పినదాన్నే మళ్లీ రాస్తే, చెప్పింది చాల్లేదనుకోరూ జనం?" ఆయన కాసేపు గంభీరంగా రోడ్డు వైపు చూశారు. "సరే, చూస్తానులే. టేబులు మీద పెట్టు."

దానేశ్వరి టేబులు మీద పెట్టింది. ఆయన దాన్ని సొరుగులో పెట్టారు. ఆ సొరుగులో ఆయన చూస్తానన్నవి చాలా ఉన్నాయి. ఆమె రోజూ తలుపు దగ్గర నిలబడి "సార్, పేపరు" అనేది. "చూస్తున్నానమ్మా" అనేవారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. వానలు వచ్చాయి, వెళ్లాయి. ఒక ఆదివారం దానేశ్వరి ఇంటికెళ్లి అత్త నోట్లో టార్చిలైటు వేసింది. అంగిలి మీది తెల్లమచ్చ ఒక పక్క ఎర్రబడి ఉంది.

"అత్తా, పెద్దాస్పత్రికి పోదాం పద."

"నానొక్కర్తినీ ఎందుకెల్తాను? ఊరంతా అత్తకి రోగవని సెప్పుకోడానికా? బండొత్తాదన్నావు. బండి రానీ. అందర్తో పాటే నానూ."

ఎంత బతిమాలినా నూకాలమ్మ కదల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ దిగింది. "ఇందుమూలముగా అనుబంధ కళాశాలల ప్రధానాచార్యులకు తెలియజేయునదేమనగా, సదస్సులయందు సమర్పింపబడిన పరిశోధనలలో ఎన్ని సంపూర్ణముగా ప్రచురింపబడినవో, ఆ నిష్పత్తి కళాశాలకును, ప్రతి అధ్యాపకునకును వేర్వేరుగా గణింపబడును. నిష్పత్తి సగమునకు తగ్గిన యెడల పీజీ సీట్లకు కోత విధింపబడును."

ప్రిన్సిపాల్ డాక్టర్ పట్టాభిరామారావుగారు అత్యవసర సమావేశం పెట్టారు. అధ్యాపకులూ పీజీలూ అందరూ రావాలన్నారు.

"ఈ కళాశాల పరిశోధనకు పుట్టినిల్లు. ఈ మాట నేను సగర్వంగా ప్రకటిస్తున్నాను. అయితే మన పరిశోధనలు పుట్టింటి గడప దాటి ఎరగవు. ప్రస్తుత సమస్య అదే. సభ్యులు నిర్మాణాత్మకమైన సూచనలు చెయ్యాలని కోరుతున్నాను."

కొత్తగా చేరిన ఒక కుర్ర లెక్చరరు లేచి, "పేపర్లు రాస్తే ఎలా ఉంటుంది సార్?" అన్నాడు.

సభ అతని వైపు తిరిగింది. నిండు పెళ్లిలో వరుడి వయసడిగినవాడిని చూసినట్టు చూసింది. అతను కూర్చున్నాడు. ఆ విద్యాసంవత్సరంలో అతను మళ్లీ లేవలేదు.

అప్పుడు స్టాటిస్టిక్స్ చెప్పే అనంతంగారు గొంతు సవరించుకున్నారు. "ఇది భిన్నం సార్. పైన అచ్చయినవి, కింద సదస్సులో చెప్పినవి. పైది పెంచడం కష్టం. చదవాలి, రాయాలి, పత్రికవాళ్లు తిప్పి పంపుతారు. కిందది తగ్గించడం మన చేతుల్లోనే ఉంది."

"చెప్పేసినవాటిని ఎలా తగ్గిస్తావయ్యా?"

"చెప్పలేదంటే సరి."

పట్టాభిరామారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఏదైనా లోతుగా అర్థమైనప్పుడు అలా చేస్తారు.

అలా సమర్పణోపసంహరణ మహోత్సవం నిర్ణయమైంది. శుభలేఖల్లాంటి ఆహ్వానాలు అచ్చు వేశారు. ఆడిటోరియానికి మామిడాకులు కట్టారు. ఇన్నేళ్లలో సదస్సుల్లో పేపరు చెప్పిన ప్రతివారూ వేదికెక్కి ఆ పేపరును విధియుక్తంగా వెనక్కి తీసుకోవాలి. స్లయిడ్లు 'ధన్యవాదములు' నుంచి మొదలై వెనక్కి నడిచి టైటిల్‌తో ముగుస్తాయి. టైటిల్ రాగానే మాట్లాడేవారు "అందరికీ నమస్కారం" అని చెప్పి, నోరు మూసుకుని దిగిపోవాలి. అధ్యక్షస్థానంలో ఉన్నవారు, "ఇది చక్కని ప్రయత్నం కాదు. రోగులను కూడా చాలినంతమందిని చూశారు" అని తమ పాత అభిప్రాయాన్ని రద్దు చేస్తారు.

చప్పట్ల దగ్గర కొంత చర్చ జరిగింది. కొట్టిన చప్పట్లను వెనక్కి తీసుకోవడం ఎలా? ప్రిన్సిపాల్‌గారే మార్గం చూపారు. సభికులు ముందు రెండు అరచేతులూ కలిపి ఉంచుకోవాలి. గంట మోగగానే చప్పుడు కాకుండా విడదియ్యాలి. మూడుసార్లు రిహార్సల్ చేశారు. వెనక వరసలో ఎవరో పొరపాటున చప్పుడు చేస్తే ఆ పేపరు మొదట్నుంచీ మళ్లీ ఉపసంహరించాల్సి వచ్చింది.

సర్టిఫికెట్లు లామినేషన్ చేయించినవి కావడంతో చేతులతో చిరగలేదు. సర్జరీ విభాగం నుంచి కత్తెరలు తెప్పించారు. సదస్సుల్లో ఇచ్చిన బ్యాగులు కూడా వాపసు తీసుకున్నారు. ఒకాయన తన బ్యాగులో భార్య కూరలు తెస్తోందని మొరపెట్టుకుంటే, కూరలు దింపి బ్యాగు తెమ్మన్నారు.

"మరి తిన్న భోజనాల సంగతి సార్?" అని ఎవరో అడిగారు.

"దానికి కాలదోషం పట్టింది" అన్నారు పట్టాభిరామారావుగారు.

ఒక పెద్ద ప్రొఫెసరు మాత్రం కన్నీళ్లు పెట్టుకున్నారు. కుర్రతనంలో జ్ఞానదంతం మీద ఆయన చెప్పిన పేపరు ఫొటో ఇంట్లో పెళ్లి ఫొటో పక్కనే ఉంటుందట. "అది చెప్పానని చూసే పిల్లనిచ్చారండీ" అన్నారు. పెళ్లికి ఏ ఇబ్బందీ రాదని ఆయనకు లిఖితపూర్వకంగా హామీ ఇచ్చారు.

చివరికి దానేశ్వరి వంతు వచ్చింది. ఆమె వేదికెక్కలేదు. కింద నిలబడే చేతులు కట్టుకుని, "క్షమించండి సార్. నేను చూశాను. చూడలేదని చెప్పలేను" అంది.

"చూడలేదని చెప్పమనలేదమ్మా. చూశావు. కానీ చెప్పలేదు."

"చెప్పాను సార్, సదస్సులో."

"ఎవరు విన్నారు?"

దానేశ్వరి సభంతా ఒకసారి కలయజూసింది. ఆ రోజు ముందు వరసల్లో కూర్చున్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు.

"ఎవరూ వినలేదనుకుంటాను సార్. అందుకే రాశాను. మా ఊరివాళ్లకి మాటిచ్చాను. నా పేపరు వెనక్కి తీసుకుంటే వాళ్ల నోట్లో మచ్చలు కూడా వెనక్కి పోవాలి కదండీ."

పట్టాభిరామారావుగారి ముఖం జేవురించింది. క్రమశిక్షణ సంఘం అన్న మాట ఆయన పెదవుల దాకా వచ్చింది. అంతలో అనంతంగారు పరుగున వేదికెక్కి ఆయన చెవిలో ఏదో చెప్పారు. మైకు ఆపడం మరచిపోయారు గనక సభకంతా వినబడింది.

"కొంప మునుగుతుంది సార్! అన్నీ తీసేస్తే కింద సున్నా, పైనా సున్నా. యూనివర్సిటీ కంప్యూటరు ఒప్పుకోదు. తప్పుడు లెక్క అని ఎర్రగా చూపిస్తుంది. ఒక్క పేపరైనా ఉండాలి. ఆ ఒక్కటీ అచ్చయిందా, ఒకటికి ఒకటి. నూటికి నూరు!"

సభ మొత్తం దానేశ్వరి వైపు తిరిగింది. ఈసారి కొత్తపెళ్లికూతుర్ని చూసినట్టు చూసింది.

ఆ మధ్యాహ్నమే కూర్మనాథంగారి సొరుగు తెరిచారు. పేపరును పళ్లెంలో పెట్టి ప్రిన్సిపాల్ గదికి తెచ్చారు. ఇంతటి పేపరులో తమ పేరు లేకపోవడం సంస్థకే అవమానమని ఒక్కొక్క విభాగాధిపతికీ తోచింది. నోళ్లు చూసిన టార్చిలైటు కొన్నది స్టోర్స్ విభాగం కాబట్టి దాని అధిపతి పేరు చేరింది. ఆ నోళ్లలో పళ్లున్నాయి కాబట్టి పళ్లు పీకే విభాగం చేరింది. కొన్ని నోళ్లలో లేవు కాబట్టి కట్టుడుపళ్ల విభాగం కూడా చేరింది. ప్రిన్సిపాల్‌గారి పేరు మొదట ప్రేరకులుగా, చివర మార్గదర్శకులుగా రెండుసార్లు వచ్చింది. సాయంత్రానికి, డిగ్రీలతో, హోదాలతో కలుపుకుని పేర్లే నాలుగు పేజీలయ్యాయి.

పత్రికకు పదాల పరిమితి ఉంది. పేర్లు తగ్గించడం మర్యాద కాదు. కనుక పేపరును తగ్గించడానికి సంక్షిప్తీకరణ ఉపసంఘం వేశారు. వాళ్లు మొదట పట్టికలు తీసేశారు. తర్వాత ఎవరిని చూశారు, ఎలా చూశారు అన్నది తీసేశారు. తెల్లమచ్చకూ ఎర్రమచ్చకూ తేడా చెప్పే పేజీలు మరీ వివరంగా ఉన్నాయని తీసేశారు. మిగిలినది దానేశ్వరి చేతికిచ్చారు. ఆమె చదువుకుంది. పది వరసలున్నాయి. సదస్సుకు పంపిన సారాంశమే అది, అక్షరం తేడా లేకుండా.

"చూశావా! సదస్సులో చెప్పినదాన్నే సంపూర్ణంగా ప్రచురిస్తున్నాం. యూనివర్సిటీ అడిగింది సరిగ్గా ఇదే" అన్నారు పట్టాభిరామారావుగారు, ఆనందంతో.

దానేశ్వరి కళ్లముందు ఆరోగ్యాధికారి బీరువా కదిలింది. సారాంశాలతో నిండిన బీరువా. దాని పక్కనే అత్త అంగిలి. అయినా పెద్దవాళ్ల ముందు గొంతు పెంచే అలవాటు లేదు గనక సందేహమే అడిగింది.

"సార్, చిన్న అనుమానం. సర్క్యులర్లో ప్రతి అధ్యాపకుడికీ వేరే లెక్క అన్నారు. ఈ పేపరు సదస్సులో చెప్పింది కూర్మనాథం సారూ నేనూ. మిగతా సార్లు ఏమీ చెప్పలేదని మొన్న తేల్చేశాం కదండీ. చెప్పకుండానే అచ్చయితే వాళ్ల భిన్నం ఎలా వేస్తారు?"

అనంతంగారు కాగితం మీద గీసి చూశారు. "పైన ఒకటి, కింద సున్నా... అనంతం సార్."

"పేరెందుకయ్యా, లెక్క చెప్పు."

"లెక్కే సార్. అనంతం."

"అంటే నూరు కంటే ఎక్కువా?"

"చాలా ఎక్కువ సార్."

ప్రిన్సిపాల్‌గారి ముఖం వెలిగింది. అనంతంగారు దిగులుగా తల అడ్డంగా ఊపారు. "నూరు దాటితే విచారణ సార్. తప్పించుకోవాలంటే ఒకటే దారి. పేరున్న ప్రతివారూ యూనివర్సిటీ సంఘం ముందు ఈ పేపరు స్వయంగా చెప్పాలి. వాళ్లు ప్రశ్నలడుగుతారు."

"ఏం ప్రశ్నలు?" అన్నారు కట్టుడుపళ్ల విభాగాధిపతి.

"పేపరులో ఉన్నవే సార్" అంది దానేశ్వరి సాయపడాలన్న తొందరతో. "పూర్తిగా చదివితే వచ్చేస్తాయి. కత్తిరించకముందుది జిరాక్సులు తీయించి తెచ్చాను. తలా ఒకటి తీసుకోండి."

తలా ఒకటి అందింది. బరువుగా ఉంది. కొందరు మొదటి పేజీ తిప్పి, రెండో పేజీ కూడా ఉందని గమనించారు.

ముందుగా పట్టాభిరామారావుగారే లేచారు. "పరిశోధనలో కీర్తి యువతకే దక్కాలన్నది నా జీవితాశయం. ఆ ఆశయం కోసం నా రెండు పేర్లూ త్యాగం చేస్తున్నాను."

ఆ త్యాగం అంటువ్యాధిలా పాకింది. పళ్లు పీకేవారు త్యాగం చేశారు, కట్టుడుపళ్లవారు చేశారు. స్టోర్స్ అధిపతి టార్చిలైటు కొన్న ఘనత కూడా వదులుకున్నారు. చూస్తుండగానే గది ఖాళీ అయింది.

కూర్మనాథంగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. గొడవలో ఎవరూ గమనించలేదు గానీ, ఆయన చదువుతున్నారు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ చాలాసేపు చదివారు. తర్వాత తలెత్తారు.

"దానేశ్వరీ, ఈ ఎర్రమచ్చలున్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారమ్మా?"

"మా ఊళ్లోనే సార్."

"చూసి ఏడాది దాటింది కదా. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు మనం?"

"తమరు చూస్తానన్నారు సార్."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అడిగినదానికి బదులు చెప్పింది. ఆయన లేచారు. కంప్యూటరు ముందు కూర్చుని, కత్తిరించని పేపరును ఆ సాయంత్రమే పత్రికకు పంపేశారు. పత్రికవాళ్లు రెండుసార్లు తిప్పి పంపితే రెండుసార్లూ తనే దగ్గర కూర్చుని దిద్దించారు.

పేపరు పూర్తిగా అచ్చయింది. రెండే పేర్లు. కళాశాల గేటుకు అడ్డంగా 'నూటికి నూరు' అని ఫ్లెక్సీ లేచింది. ఇకమీదట ఎవరైనా పరిశోధన చేస్తే ఆ నూరు చెడిపోయే ప్రమాదం ఉంది గనక, ముందస్తు అనుమతి లేనిదే ఎవరూ రోగుల నోళ్లలోకి అవసరానికి మించి చూడరాదని ప్రిన్సిపాల్‌గారు ఉత్తర్వు జారీ చేశారు.

దానేశ్వరి అచ్చయిన ప్రతిని ఆరోగ్యాధికారి బల్ల మీద పెట్టింది. ఆయన చేతిలోకి తీసుకుని బరువు చూశారు. "పూర్తిగానే ఉందే!" అన్నారు మెచ్చుకోలుగా. మొదటి పేజీలో ఉన్న సారాంశం చదివి, మిగతాది మూసి, సంతకం పెట్టేశారు.

బండి రేవుకు వచ్చింది. చేపలు ఎండేసిన ఇసుక పక్కన తాటాకుల పాక నీడలో ఆగింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు, చుట్టలు నోట్లోనే ఉన్నాయి. బండి మెట్టెక్కి దానేశ్వరి నాలుగు ముక్కల్లో చెప్పింది. "ఎర్రమచ్చ ఉన్నోలు ఇయ్యాలే ముక్క కోయించుకోవాల. తెల్లమచ్చోలు సుట్ట మానేత్తే సానామందికి మచ్చ తగ్గిపోతాది. అంతే. ఇంక వరసగా రండి."

ఎవరూ కదల్లేదు. నూకాలమ్మ నడుం మీద చేతులేసుకుంది.

"అంతేనేటి? రెండేల్లు మా నోల్లు తెరిపించీసి, నాలుగు ముక్కలు సెప్పీసి ఒగ్గెత్తావా? మా గురించి ఏటేటి రాసినావో అంతా సదువు. మాకు తెలీకండా మా నోట్లోది ఊరోలికి తెలుత్తాదా?"

"సానా ఉందత్తా. ఇంగిలీసులో ఉంది."

"ఇంగిలీసు నీకొచ్చు, తెలుగు మాకొచ్చు. సదువు."

దానేశ్వరి మెట్టు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది, ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసుకుంటూ. ఎవరి పేర్లూ రాయలేదు, నంబర్లే ఉన్నాయి. ఆ నంబర్లతోనే గొడవ మొదలైంది.

"ఏడో మనిషికి ముందు పల్లు లేవంట. సిన్నమ్మీ, నువ్వేనే అది!"

"నాకు అప్పటికి ఉండీవి. అది నీ తోటికోడలు."

"నోర్ముయ్యండే, సదవనీండి."

పట్టికలు చదివింది. పద్ధతులు చదివింది. మానేసినవాళ్లకు మచ్చ ఎలా పలచబడిందో, మాననివాళ్లకు ఏమైందో చదివింది. అర్థం కానిచోట ఆపి అడిగారు, మళ్లీ చెప్పింది. ఎండ పాక కిందికి వచ్చేసింది. బండిలో ఉన్న కుర్ర డాక్టరు గడియారం చూసుకుని, తర్వాత చూసుకోవడం మానేసి, వినసాగాడు. పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి దానేశ్వరి గొంతు కొంచెం తగ్గింది. "అంగిలి మీద కుడిపక్క తెల్లమచ్చ. అంచున ఎర్రబడే సూచన. మానమని చెప్పినా మానలేదు. త్వరగా పరీక్ష చెయ్యాలి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ నంబరు తనదని ఎవరూ అనలేదు.

నూకాలమ్మ మిగతాదంతా చివరిదాకా విన్నది. అయిపోయాక నోట్లోంచి చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. అందర్నీ తోసుకుంటూ వచ్చి మెట్టెక్కింది.

లోపలున్న కుర్ర డాక్టరు కలం తీసి, "పేరు చెప్పమ్మా" అన్నాడు.

"పేరు తరవాత" అంది నూకాలమ్మ నోరు తెరవబోతూ. "ముందు పదకొండని రాసుకో."